రెండూ ఎడమే

గుర్నా, లక్సర్ పడమటి గట్టు
14 నవంబరు 1981

అన్నయ్యా,

నీకూ, నీమత్ వదినకూ సలాములు. ఇక్కడ మా ఆయన షాజలీ, మా అత్తగారు హాజ్జా నబవీయ, పాప, అందరం క్షేమం. ‘క్షేమం’ అని రాశాక కాసేపు కలం ఆగింది. అది పూర్తిగా నిజం కాదు. మిగతాది కూడా రాస్తాను.

ముందు నీకు కృతజ్ఞతలు. పాప ఏడో రోజు వేడుకకి నువ్వు పంపిన ఎర్ర బూట్లు వేళకే అందాయి. పెట్టె విప్పగానే తోలు వాసన ఇల్లంతా వచ్చింది. అత్తారీన్ పేటలో నీ బూట్ల దుకాణం గడప మీద కూర్చున్నట్టే అనిపించింది. కానీ పాప రావియ వాటిని ఇంతవరకూ తొడుక్కోలేదు. తొడుక్కునే వీలూ లేదు.

పాప కుడి పాదం పుట్టుకతోనే వంకర. చీలమండ దగ్గర లోపలికి మెలి తిరిగింది. మడమ పైకి లేచింది, అరికాలు రెండో కాలి వైపు చూస్తుంది. ముందు మంత్రసాని చూసింది, తర్వాత నేను. వేడుక రోజున జల్లెడలో పడుకోబెట్టి ఊపేటప్పుడు హాజ్జా తన శాలువా తెచ్చి పాప నడుము దాకా కప్పేసింది. వచ్చినవాళ్ళు ముఖం చూసి దీవించి వెళ్ళారు.

 షాజలీ మర్నాడే పడవ ఇంజను పని వేరేవాళ్ళకి అప్పగించి మమ్మల్ని కెనా ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడికి మంగళవారాలు అస్యూత్ నుంచి డాక్టర్ లబీబ్ వస్తాడు. ఆయన వారం వారం పాదాన్ని కొద్దికొద్దిగా తిప్పి, తిప్పిన చోట నిలిచేలా పిండికట్టు వేస్తున్నాడు. డిసెంబరు చివరికి కట్లు అయిపోతాయి. ఆ తర్వాత రెండు బూట్లు, మధ్యన వాటిని కలుపుతూ ఒక ఇనుప కడ్డీ. రాత్రీ పగలూ ఉంచాలి. “కట్లు పాదాన్ని తిప్పుతాయమ్మా. దాన్ని అక్కడ నిలబెట్టేది బూట్లే. అవి సరిగ్గా లేకపోతే పాదం మళ్ళీ పాత దారికే పోతుంది. అప్పుడిక కత్తి పట్టాలి” అన్నాడు. అంత చిన్న బూట్లు ఇక్కడ దొరకవట. “బూట్లు కుట్టడంలో చెయ్యి తిరిగినవాళ్ళు మీకెవరైనా తెలుసా?” అని అడిగాడు.

ఆ గదిలో నేను నవ్వడం అదే మొదటిసారి.

నీ చెల్లెలు,
ఇన్సాఫ్

అలెగ్జాండ్రియా
22 నవంబరు 1981

ఎగువ దేశపు సయీదీల కోడలా,

రెండు నెలలు దాచావు. నేనేమో నా మేనకోడలు ఎర్ర బూట్లు వేసుకుని నైలు గట్టున ఊరేగుతోందని వీధి వీధంతా చెప్పుకుని తిరిగాను. నిన్నేమనాలో నాకు తెలీదు. నీమత్‌కి తెలిసింది. అన్నీ నాతో రాయించాలని చూసింది గానీ సగం మాటలు ఉత్తరంలో రాయదగ్గవి కావు. మిగతా సగం సారాంశం: నువ్వు బాగా తింటున్నావా, మెంతుల కషాయం తాగుతున్నావా.

పాదం సంగతి. నేను పొద్దున్నుంచి చూసేవి పాదాలే. ముఖాలు ఎప్పుడో గాని చూడను. నిన్న మదామ్ కలియోపి వచ్చింది. ఆ గ్రీకు ముసలమ్మ గుర్తుందా? ఆవిడ బొటనవేళ్ళు పక్కవేళ్ళ మీదకెక్కి కూర్చున్నాయి, కణుపులు కోడిగుడ్డంత ఉన్నాయి. “మహ్రూస్, నొప్పి మాత్రం పెట్టకూడదు. కానీ మొన సన్నగా ఉండాలి” అంటుంది. “మదామ్, మొనా కావాలి, వేళ్ళూ కావాలంటే ఎలాగండీ?” అన్నాను. “నీ తండ్రి అయితే చేసేవాడు” అని పోయింది.

నాకు ఇలాంటి పెద్దవాళ్ళ పాదాలు తెలుసు. పసిపిల్లల సంగతి అంతగా తెలియదు. అందుకని ఇక్కడ ఆస్పత్రిలో ఎముకల డాక్టరుని అడుగుతాను, ఆయనకి నేనే బూట్లు కుట్టి పెడతాను. నువ్వు చెయ్యవలసింది, కట్టు మార్చేటప్పుడు పాప రెండు అరికాళ్ళూ కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి పంపడం. గీతలు గియ్యడం నీకు నేను నేర్పక్కర్లేదు.

ఇంకొక మాట. నువ్వెప్పుడు ఉత్తరం రాసినా నాలుగు పేజీలు నువ్వు నకలు గీసే ఆ పాతకాలపు సమాధుల గోడల గురించే ఉంటాయి. ఏ రాజు ముక్కు విరిగింది, ఏ బాతు రంగు పోయింది, అన్నీ చెప్తావు. ఈసారి ఒక్క ముక్క లేదు. పనికి వెళ్తున్నావా లేదా? నిజం చెప్పు.

మహ్రూస్

గుర్నా
3 డిసెంబరు 1981

అన్నయ్యా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. వెళ్ళడం లేదు.

కడుపుతో ఉన్నన్నాళ్ళూ నేను ఒకే సమాధిలో పని చేశాను. ఆ గోడ మీద ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఏదో గుడి తోటకి అధికారి అని పైన రాసి ఉంది, పేరు ఉన్నచోట రాయి ఊడిపోయింది. చేతిలో పూలగుత్తి, చంక కింద కర్ర. ఆయన పాదాల్లో ఒకటి వంకర. మడమ నేలకి ఆనదు, వేళ్ళ మీదే నిలబడి ఉంటాడు. మా కాపలాదారు ఆయనకి ‘అబూ అసాయ’ అని పేరు పెట్టాడు, కర్ర పెద్దాయన అని. ఆయన వెనకనున్న గోడంతా మసి. వెనకటి రోజుల్లో ఎవరో ఆ సమాధిలో కాపురముండి పొయ్యి పెట్టుకున్నారు. శుభ్రమైనంతవరకు, అంటే ఆయన ఒక్కణ్ణే, నెలల తరబడి ఎదురుగా కూర్చుని గీశాను.

హాజ్జా సంగతి నీకు తెలుసు. మంచిదే, మాట కటువు. “కడుపుతో ఉండి పొద్దస్తమానం ఆ కుంటాయన్నే చూస్తివి. కడుపులో బిడ్డకేం తెలుసు? అమ్మ దేన్ని చూస్తే దాన్నే పట్టుకొస్తుంది. నేను షాజలీని మోసేటప్పుడు పొరుగింటి గుర్రాన్ని చూస్తి, చూడు వాడి పళ్ళు!” అంది. ఇరుగుపొరుగు తలలూపారు. నేను చదువుకున్నదాన్ని, ఇవన్నీ నమ్మను. కానీ అన్నయ్యా, కట్టు విప్పినప్పుడు ఆ పాదాన్ని చూస్తే నేను గీసిన గీతే. అదే మెలి. అప్పట్నుంచి ఆ మెట్లు దిగలేకపోతున్నాను. సెలవు అడిగాను. ఈలోపు మా ఆఫీసువాళ్ళు ఆ మసి గోడని శుభ్రం చేయిస్తున్నారు. అలెగ్జాండ్రియాలో నాకు గీతల పని ఏదైనా దొరుకుతుందా, చూసి పెట్టు.

రావియ అరికాళ్ళ గీతలు ఇందులో ఉన్నాయి. కర్ర పెద్దాయన నకలు కూడా పెట్టాను. నా దగ్గర ఉంచుకోలేకపోతున్నాను, పారేయలేకపోతున్నాను. నీ దగ్గర ఉండనీ.

ఆ బొమ్మ చూసి నువ్వు ఏమంటావో నాకు తెలుసు, కాబట్టి ముందే చెప్తున్నాను. రెండు పాదాలూ ఎడమవే అన్నది నా తప్పు కాదు, జబ్బూ కాదు. ఆ కాలం వాళ్ళు పాదాన్ని ఎప్పుడూ లోపలి వైపు నుంచే గీసేవాళ్ళు. బొటనవేలు, కింద వంపు కనిపించాలి. అందుకని కుడివైపుకి నడిచే ప్రతివాడికీ రెండూ ఎడమ పాదాలే. రాజుకీ అంతే, గాడిద తోలేవాడికీ అంతే. ఆ గోడల మీద అందరి కాళ్ళూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అందుకే ఒక్క పాదం వేరుగా ఉంటే అది కావాలని గీసిందని తెలుస్తుంది. ఎవరో ఆ మనిషిని చూసి గీశారు.

మదామ్ కలియోపికి చెప్పు, సక్కారాలో ఒక గోడ మీద ఒకడు ఇంకొకడి పాదం ఒళ్ళో పెట్టుకుని ఏదో చేస్తుంటాడు. పక్కన రాసిన మాటకి అర్థం, నొప్పి పెట్టొద్దని. మా లోయలోనే చెప్పులు కుట్టేవాళ్ళ బొమ్మ కూడా ఉంది. ఒకడు తోలు పట్టీని పళ్ళతో పట్టుకుని లాగుతుంటాడు. అచ్చం నువ్వే.

ఇన్సాఫ్

అలెగ్జాండ్రియా
20 డిసెంబరు 1981

చెల్లాయ్,

మదామ్‌కి చెప్పాను. “చూశావా, నేను అడిగింది కొత్తేమీ కాదు” అని ఇంకో జత ఆర్డరిచ్చింది. నీ పుణ్యమే.

రైలు పడక పెట్టెల్లో పనిచేసే మన ఫిక్రీ చేతికి మూట ఇచ్చాను. అందులో బూట్లు, కడ్డీ, మరలు తిప్పే చిన్న తాళం, నీమత్ చేసిన గట్టి రొట్టెలు ఉన్నాయి. రొట్టెలు బూట్లకంటే గట్టిగా ఉన్నాయి, చూసుకుని కొరుకు.

నీ కర్ర పెద్దాయన్ని నా పనిబల్ల ఎదురుగా గోడకి అంటించాను. ఈ పదిహేను రోజులూ ఇద్దరం కలిసే పని చేశాం. మంచి మనిషి. ఒక్క మాట మాట్లాడడు, పని మధ్యలో లేవనివ్వడు. బూట్లు ఆయన పద్ధతిలోనే కుట్టాను. రెండూ ఎడమే! నీ గోడల మీద జనం నాలుగు వేల ఏళ్ళుగా ఎలా నడుస్తున్నారో నా మేనకోడలూ అలాగే నడుస్తుంది. ఆలోచించకుండా తొడిగెయ్.

నీ పని మాట. సినిమా బొమ్మలు వేసే సబ్రీ తన దగ్గరకి రమ్మన్నాడు. ఫిబ్రవరి నుంచి చేరవచ్చట. హీరోల ముఖాలు గంట గంటకీ పెద్దవి చెయ్యాలి, అంతే. మేడ మీద గది ఖాళీ చేయిస్తున్నాను. నీమత్ అప్పుడే పరుపు ఎండలో వేసింది.

తొందరగా రా.

మహ్రూస్

గుర్నా
5 జనవరి 1982

అన్నయ్యా,

మూట అందింది. రొట్టెలకి వదినకి కృతజ్ఞతలు చెప్పు.

బూట్ల సంగతి ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నీకు నవ్వు వచ్చిందని నాకు తెలుసు. నీకు అన్నిటికీ నవ్వు వస్తుంది. నాన్న పోయినప్పుడు కూడా నువ్వే అందర్నీ నవ్వించావు, అప్పుడు నాకు అది కావలసి వచ్చింది. ఇప్పుడు కాదు. నేను నీకు నా బిడ్డ అరికాళ్ళు గీసి పంపాను. ఒకటి కుడి, ఒకటి ఎడమ. నువ్వు ఆ గోడ మనిషిని చూసి రెండూ ఎడమ బూట్లే కుట్టావు.

పోయిన మంగళవారం ఆఖరి కట్టు విప్పారు. డాక్టర్ లబీబ్ రాలేదు, ఊళ్ళో లేడు. సహాయకుడు కట్టు కోసి, బూట్లు వస్తే తొడగమని పంపేశాడు. ఇంటికొచ్చి మూట విప్పాను. హాజ్జా బూట్లు చేతిలోకి తీసుకుని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది. “ఏమే, ఇంకేం కావాలి? ఆ కుంటాయన ఇంటిదాకా వచ్చినాడు” అని తీసుకెళ్ళి గోధుమ తొట్టి మీద పెట్టేసింది. నేను ఆపలేదు. 

వారం అయింది. పాపకి స్నానం చేయించేటప్పుడు చూస్తున్నాను. వేళ్ళు మళ్ళీ లోపలికి తిరుగుతున్నాయి. కట్టు విప్పిన రోజు ఇలా లేదు. ఇవాళ మంగళవారం కూడా డాక్టరు రాలేదు, వచ్చే వారమే వస్తాడట. రాత్రుళ్ళు చేత్తో పట్టుకుని పడుకుంటున్నాను, నిద్రపడితే చెయ్యి వదిలేస్తుంది.

ఒక కుడి బూటు కుట్టి పంపు. ఎంత తొందరగా పంపగలిగితే అంత తొందరగా. వేరే ఏమీ రాయకు.

సబ్రీతో ఫిబ్రవరిలో వస్తానని చెప్పు.

ఇన్సాఫ్

టెలిగ్రాం
అలెగ్జాండ్రియా, 9 జనవరి 1982

రెండూ ఎడమే సరి. వంకర పాదానికీ ఎడమ బూటే. ఇప్పుడే తొడుగు. ఉత్తరం వెనకే వస్తోంది. మహ్రూస్.

అలెగ్జాండ్రియా
9 జనవరి 1982

ఇన్సాఫ్,

టెలిగ్రాం ఆఫీసు గుమాస్తా మూడు సార్లు చదివాడు. “రెండూ ఎడమే అంటే వామపక్ష పార్టీ సందేశమా?” అని అడిగాడు. నవ్వకు. నేనూ నవ్వడం లేదు.

తప్పు నాదే. బూటులో కాదు, ఉత్తరంలో. చెప్పవలసిన మాట చెప్పకుండా వేళాకోళం రాసి ఊరుకున్నాను. ఇప్పుడు సూటిగా రాస్తాను.

నీ గీతలు తీసుకుని ఆస్పత్రి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఇలా అన్నాడు: “ఈ పాదం లోపలికి తిరగాలని చూస్తుంది. మామూలు బూటు మొన కూడా లోపలికే వంగి ఉంటుంది కాబట్టి దానికి సాయం చేస్తుంది. దీనికి మొన బయటికి తిరిగిన బూటు కావాలి, మహ్రూస్. అలాంటి అచ్చు నీ దగ్గర ఉందా?” లేదు. అంత చిన్న పాదానికి మొన బయటికి తిరిగిన చెక్క అచ్చు నేను ఎక్కడా చూడలేదు. కొత్తది చెక్కించాలంటే వడ్రంగి నెల అన్నాడు.

రెండు రోజులు పని జరగలేదు. మూడో రోజు బల్ల దగ్గర కూర్చుని నీ కర్ర పెద్దాయన్ని చూస్తున్నాను. రెండూ ఎడమ పాదాలే. కుడి కాలు ఉండాల్సిన చోట ఎడమ పాదం ఉంది. చూసి చూసి, ఎడమ కాలి అచ్చు తీసి రావియ కుడి అరికాలి గీత మీద పెట్టాను. మొన బయటికి తిరిగింది. డాక్టరు వేలితో చూపించిన వైపుకే. బూటు కుట్టి ఆయనకి చూపించాను కూడా. “ఇదెవరు చెప్పారు?” అన్నాడు. “మా చెల్లెలి ఊళ్ళో ఒక పెద్దాయన” అన్నాను.

ఇదంతా నీకు ఎలాగూ అర్థమైపోతుందనుకున్నాను. ఎందుకనుకున్నానో తెలీదు. నువ్వు దాన్ని కుడి కాలికి తొడిగితే పాదం బయటికి తిరిగి నిలుస్తుంది. తాళంతో కడ్డీ బిగించు. మొదట ఏడుస్తుంది. నువ్వు ఏడవకు.

నాన్న పోయినప్పటి మాట రాశావు. అప్పుడు అందరూ వెళ్ళిపోయాక నేనేం చేశానో నీమత్‌ని అడుగు.

మహ్రూస్

గుర్నా
6 ఫిబ్రవరి 1982

అన్నయ్యా,

టెలిగ్రాం తెచ్చిన పోస్టుమాన్ చేతిలో ఖర్జూరాలు పోసి పంపింది హాజ్జా. అందులో ఏముందో పూర్తిగా వినకముందే. టెలిగ్రాం వస్తే ఎవరో పోయారనుకుంటుంది, ఎవరూ పోలేదని నేను చెప్పేసరికి సంతోషం పట్టలేకపోయింది.

బూట్లు ఆ సాయంత్రమే తొడిగాను. పాప రాత్రంతా ఏడ్చింది. నువ్వు చెప్పినట్టు నేను ఏడవలేదు, షాజలీ ఏడ్చాడు. తర్వాతి మంగళవారం డాక్టర్ లబీబ్ చూశాడు. బూటు తిప్పి తిప్పి చూసి, “ఇవి కుట్టినవాడు ఎక్కడివాడు?” అని అడిగాడు. ఆ పోయిన రోజులకి బదులు మళ్ళీ రెండు కట్లు వేశాడు, అవీ అయ్యాయి. ఇప్పుడు పాదం నిలబడుతోంది. ఇక కత్తి అక్కర్లేదనే అనుకుంటున్నానని అన్నాడు. ‘అనుకుంటున్నాను’ అన్నాడని నేను కూడా అలాగే రాస్తున్నాను. నా కోపపు ఉత్తరం నీ దగ్గరుంటే చింపెయ్. నీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియక ఇంత అడ్డదిడ్డంగా రాస్తున్నాను.

ఇప్పుడు అసలు కథ విను. బూట్లకి ఉపాయం ఎవరిచ్చారని హాజ్జా అడిగింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. రెండో రోజు పొద్దున్నే నల్ల ముసుగు వేసుకుని తయారైంది. “పద. ఆయన్ని చూడాలి.”

“ఎందుకత్తా? ధూపం వేసి తిట్టడానికా?”

“తిడతానో మొక్కుతానో చూసినంక చెబుతా. నడువు.”

పాపని చంకనేసుకుని వెళ్ళాం. కాపలాదారు బయట అద్దం పట్టుకుని ఎండని లోపలికి తిప్పాడు. నేను లోపల రేకు పట్టుకుని ఆ వెలుగుని గోడ మీదికి మళ్ళించాను. అన్నయ్యా, మసి అంతా పోయింది. ఆయన వెనక ఎవరున్నారో నేనూ అప్పుడే చూశాను. ఒక ఆడమనిషి, ఆయన భుజం మీద చెయ్యి వేసి. ఆమె వెనక ఒక కుర్రాడు, రెక్కలు పట్టుకుని బాతుని తెస్తున్నాడు. ఇంకో చిన్నపిల్ల. పైన వరుసలో కుర్చీలో ఒక ముసలావిడ.

“ఈమె పెండ్లామా?”

“అవునత్తా.”

“వాడు కొడుకు. ఇది కూతురు. ఈ ముసలామె?”

రాత చదివాను. “ఆయన తల్లి. పేరు కూడా ఉంది. ఆయన పేరున్నచోట రాయి ఊడింది గానీ ఆవిడ పేరు నిలిచింది.”

 హాజ్జా ఆయన పొట్ట మీద వేలు ఆనించబోతే కాపలాదారు కేకేశాడు. “తాకన్లేవయ్యా, అరవద్దు! చూడవే, పొట్ట మడతలు పడింది. అంటే ముసలోడయ్యేదాకా బతికినాడు, బాగా తిన్నాడు” అంది. ఆ మడతల సంగతి నిజమే, వాళ్ళు వయసునీ కలిమినీ అలాగే చూపిస్తారు. అది నేను ఆమెకి చెప్పలేదు, ఆమే చూసింది.

ఆ సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చినప్పుడు హాజ్జా పాప కాళ్ళ మీద శాలువా కప్పలేదు. కడ్డీతో సహా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాళ్ళలో ఒకామె పాత మాటే ఎత్తింది. హాజ్జా ఊరుకోలేదు. “అవును, దీనమ్మ ఆయన్నే చూసింది. అయితే? చూసిందాన్ని పట్టుకొచ్చే బిడ్డ ఒక్క పాదాన్నే పట్టుకొస్తుందా? ఆ తోట, ఆ సంసారం, ఆ ముసలితనం, అన్నీ పట్టుకొస్తుంది. పోయి నువ్వూ చూసిరా, నీ కోడలికి నెల తప్పిందంట గదా!”

తన నమ్మకాన్ని ఒక్క అంగుళం వదులుకోలేదు చూశావా. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోయాను.

సబ్రీకి నా తరఫున క్షమాపణ చెప్పు. సోమవారం నుంచి మెట్లు దిగుతున్నాను. ఆయన ఇల్లాలినీ పిల్లల్నీ ఇంకా గియ్యాలి. వదిన ఎండబెట్టిన పరుపు మడిచెయ్యమను, కానీ దాచి ఉంచమను. వేసవికి వస్తాం.

ఇన్సాఫ్

అలెగ్జాండ్రియా
17 ఫిబ్రవరి 1982

ఇన్సాఫ్,

ఉత్తరం నీమత్‌కి చదివి వినిపించాను. మధ్యలో వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. ఉల్లిపాయలు కొయ్యడానికట. ఇంట్లో ఉల్లిపాయలు లేవు.

సబ్రీ ఏమీ అనుకోలేదు. మీ అత్తగారి ముఖం పెద్ద తెర మీద బాగుంటుంది, పంపమన్నాడు. ఆవిడకి ఒక జత చెప్పులు కుడతాను. కొలత పంపు. ముందే చెప్తున్నా, ఒకటి కుడి, ఒకటి ఎడమ.

కర్ర పెద్దాయన పక్కన ఖాళీ ఉంచాను. ఇల్లాలినీ, పిల్లల్నీ, తల్లినీ గీసి పంపు. ఒక్కడే నిలబడి నిలబడి విసుగెత్తాడు. ఆయన్ని గీసినవాడెవడో గాని, పాదాన్ని అందరిలాగే గీసేసి ఉంటే మనకి తెలిసేది కాదు. పొద్దున దుకాణం తెరవగానే వాడికి ఒక సలాం పెడుతున్నాను.

మహ్రూస్

గుర్నా
8 మార్చి 1983

అన్నయ్యా,

నీకూ, వదినకూ, మదామ్ కలియోపి వేళ్ళకూ సలాములు.

నిన్న రావియ నడిచింది. నేను సమాధిలో ఉన్నాను, చూడలేదు. హాజ్జా చూసింది. నువ్వు కుట్టిన ఆ చెప్పులు వేసుకుని, ఊరంతా వినేలా ఈలవేస్తున్నట్టు గొంతెత్తి సంతోషపు కేకలు పెడుతూ కొండ ఎక్కి వచ్చింది. కాపలాదారు పెళ్ళెవరిదని అడిగాడు. నేను గీస్తున్న గీత వంకరపోయింది, మళ్ళీ గియ్యాలి.

ఇంటికి వెళ్ళేసరికి పాప గోధుమ తొట్టి పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి వదిలేసి వచ్చింది. మడమ నేలకి ఆనింది, అన్నయ్యా. ముందు మడమ, తర్వాత వేళ్ళు. కుడి పిక్క ఎడమ దానికంటే సన్నం, అది అలాగే ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడు. పరుగెత్తేటప్పుడు తెలుస్తుందేమో. తెలియనీ.

ఇవాళ కెనా వెళ్ళి వచ్చాం. డాక్టర్ లబీబ్ పాపని గది పొడుగునా నడిపించి చూశాడు. కడ్డీ బూట్లు ఇక రాత్రి పూట మాత్రమే. పగలు మామూలువి వెయ్యమన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు షాజలీ పడవవాళ్ళందరికీ టీ పోయించాడు.

నువ్వు ఏడో రోజుకి పంపిన బూట్లు బీరువాలోంచి తీశాను. పాప చిటికెన వేలికి కూడా పట్టేలా లేవు. అరికాళ్ళ గీతలు కొత్తగా గీసి ఇందులో పెట్టాను. ఈసారి జాగ్రత్తగా చూసుకో. ఒకటి కుడి, ఒకటి ఎడమ.

రంగు ఎరుపే.

ఇన్సాఫ్